విదేశీ సరుకు తెచ్చి అమ్మాలంటే: ఆర్డరు పెట్టకముందే దిగుమతి సుంకం లెక్క వేయడం ఎలా?

అమ్మకందారు చెప్పిన ధరకు రవాణా ఖర్చు కలుపుతారు. అమ్మబోయే ధరలోంచి దాన్ని తీసేస్తారు. మిగిలింది లాభం అనుకుంటారు. విదేశాల నుంచి సరుకు తెప్పించడం మొదలుపెట్టినవారిలో చాలామంది ఇలాగే లెక్క వేస్తారు. సుంకం ఎంతో సరుకు రేవుకు చేరాక తెలుస్తుంది. అప్పటికే డబ్బు అమ్మకందారుకు వెళ్లిపోయింది, సరుకు గోదాములో ఉంది, రోజురోజుకూ నిల్వ అద్దె పెరుగుతోంది. ఎంత చెబితే అంత కట్టడం తప్ప ఇక చేయగలిగింది ఉండదు.

నేను మొదట తెప్పించినవి వీపు సంచులు. అమ్మకందారు నాకు మేలు చేస్తున్నాననుకుని ఇన్వాయిస్‌లో అసలు ధరలో మూడో వంతే రాశాడు. వస్తువు వివరం దగ్గర ‘బ్యాగులు’ అని ఒక్క మాట పెట్టాడు. కస్టమ్స్ అధికారులు సరుకు ఆపారు. బ్యాంకు చెల్లింపు కాగితాలు చూపించి, అసలు విలువ మీద సుంకం, దాని మీద జరిమానా, మూడు వారాల గోదాము అద్దె కట్టి విడిపించుకునేసరికి ఆ సరుకు మీద మిగిలింది ఏమీ లేదు. ఆ తర్వాత నుంచి సుంకం లెక్క కాగితం మీద పూర్తికానిదే నేను అడ్వాన్సు పంపడం లేదు. ఆ లెక్క వేసే పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. ఉదాహరణకు ఆ సంచులనే తీసుకుంటాను.

ఏ దేశంలోనైనా సుంకం తేలేది మూడు ప్రశ్నల మీద: వస్తువు ఏమిటి, దాని విలువ ఎంత, అది ఎక్కడ తయారైంది. ఈ మూడింటికీ సరుకు బయలుదేరకముందే జవాబు దొరుకుతుంది.

మొదటి పని: వస్తువుకు సరైన కోడ్ కనుక్కోండి

ప్రపంచంలో దాదాపు అన్ని దేశాల కస్టమ్స్ శాఖలూ వస్తువులను ఒకే పద్ధతిలో వర్గీకరిస్తాయి. దాన్ని హార్మొనైజ్డ్ సిస్టమ్ అంటారు, వాడుకలో హెచ్‌ఎస్ కోడ్. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. 1988 జనవరి 1 నుంచి అమలులో ఉంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడి. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానికి ఆ దేశం చేర్చుకుంటుంది. అందుకే అమ్మకందారు తన ఇన్వాయిస్ మీద వేసిన ఎనిమిది, పది అంకెల కోడ్‌ను యథాతథంగా వాడకండి. అది ఆయన దేశపు ఎగుమతి కోడ్. మీకు పనికొచ్చేది అందులో మొదటి ఆరు అంకెలు, అవి కూడా సరిచూసుకున్నాకే.

సంచుల సంగతి చూడండి. పెట్టెలు, చేతి సంచులు, వీపు సంచులు, పర్సుల వంటివన్నీ 4202 అనే శీర్షిక కిందికి వస్తాయి. వీపు సంచి వెలుపలి భాగం తోలుదైతే అది 4202.91. ప్లాస్టిక్ రేకుదో గుడ్డదో అయితే 4202.92. లోపలి అస్తరు ఏదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, పైకి కనిపించే పదార్థమే ముఖ్యం. కొన్ని దేశాల టారిఫ్ పట్టికలలో, అంటే కోడ్ వారీగా సుంకం రేట్లు ఇచ్చే పట్టికలలో, ఇంకా లోతుకు వెళ్లి నూలు గుడ్డకు ఒక రేటు, సింథటిక్ గుడ్డకు మరో రేటు పెడతారు. కాబట్టి ‘బ్యాగులు’ అన్న మాటతో కోడ్ తేలదు. ‘వీపు సంచి, వెలుపల పాలియెస్టర్ నేత గుడ్డ, లోపల పాలియెస్టర్ అస్తరు, ఇన్ని లీటర్ల పరిమాణం’ అని రాసినప్పుడు తేలుతుంది. నమూనా చేతికి రాగానే పదార్థాల జాబితాను అమ్మకందారు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

టారిఫ్ పుస్తకంలో శీర్షిక పేరు చూసి ఆగిపోవడం ఇంకో పొరపాటు. ప్రతి విభాగానికీ, ప్రతి అధ్యాయానికీ ముందు నోట్స్ ఉంటాయి. ఏవి ఆ అధ్యాయంలోకి వస్తాయో, ఏవి రావో అక్కడే రాసి ఉంటుంది. చట్టబద్ధంగా ఆ నోట్స్‌కు శీర్షికతో సమానమైన బలం ఉంది. ఒకే పెట్టెలో సంచి, నీళ్ల సీసా, పెన్సిళ్ల డబ్బా కలిపి సెట్టుగా అమ్మాలనుకుంటే మరో నియమం వర్తిస్తుంది: ఆ సెట్టుకు ప్రధాన స్వభావం ఇచ్చే వస్తువు ఏదో, మొత్తం సెట్టుకు దాని కోడే పడుతుంది. విడివిడిగా తెస్తే వేరు లెక్క, సెట్టుగా తెస్తే వేరు లెక్క. ఆర్డరు పెట్టే ముందు రెండూ వేసి చూడండి.

కోడ్ మారితే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి అమెరికాలో 2003లో తేలిన ఒక కేసు గుర్తుపెట్టుకోదగ్గది. ఒక బొమ్మల కంపెనీ సూపర్‌హీరో బొమ్మలను దిగుమతి చేసింది. అప్పటి టారిఫ్‌లో మనుషుల్ని సూచించే బొమ్మలకు 12 శాతం, మనుషులు కాని జీవుల బొమ్మలకు 6.8 శాతం సుంకం. ఆ పాత్రలు మనుషులా కాదా అన్న వాదన అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం దాకా వెళ్లింది. అవి మనుషుల బొమ్మలు కావని, తక్కువ రేటే వర్తిస్తుందని కోర్టు తేల్చింది. 2007 నాటి హెచ్‌ఎస్ సవరణలో ఆ రెండు శీర్షికలూ ఒకటైపోయాయి. కోడ్‌లు ఇలా కొన్నేళ్లకోసారి మారుతుంటాయి. 2022 కూర్పు తర్వాతిది 2028 జనవరి 1 నుంచి అమలులోకి వస్తుంది. పాత ఫైలులోని కోడ్‌ను ప్రతిసారీ కొత్త పట్టికతో సరిచూడండి.

ఒక హెచ్చరిక. ముందు తక్కువ రేటు కోడ్ వెతికి, తర్వాత వస్తువు వివరాన్ని దానికి అతికించకండి. తయారీకి ముందే తోలు బదులు గుడ్డ ఎంచుకుని సుంకం తగ్గించుకుంటే తప్పులేదు. తోలు సంచి తెచ్చి గుడ్డ సంచి అని రాస్తే అది తప్పుడు ప్రకటన.

సందేహం తీరకపోతే అడ్వాన్స్ రూలింగ్ కోరండి. వస్తువు వివరాలు, ఫోటోలు, అవసరమైతే నమూనా పంపితే దాని కోడ్ ఏమిటో కస్టమ్స్ శాఖ ముందుగానే రాతపూర్వకంగా చెబుతుంది. 2017 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం ఈ ఏర్పాటును సభ్య దేశాలు కల్పించాలని చెబుతుంది. యూరోపియన్ యూనియన్‌లో ఇలాంటి నిర్ణయం మూడేళ్లు చెల్లుతుంది. ఒకే వస్తువును పదేపదే తెప్పించాలనుకునేవారికి ఇంతకంటే నమ్మకమైన ఆధారం లేదు. అయినా చిన్న వ్యాపారుల్లో దీన్ని వాడేవారు నాకు అరుదుగా కనిపిస్తారు.

రెండో పని: విలువ తేల్చండి

సుంకం ఎక్కువగా విలువ మీద శాతంగా ఉంటుంది. కొన్ని వస్తువులకు కిలోకో, లీటరుకో, జతకో ఇంత అని ఉంటుంది, కొన్నింటికి రెండూ కలిపి ఉంటాయి. శాతంగా ఉన్నప్పుడు ‘ఏ విలువ మీద’ అన్నదే అసలు ప్రశ్న.

1994 నాటి కస్టమ్స్ విలువ ఒప్పందం ప్రకారం ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలన్నీ ముందుగా చూడాల్సింది లావాదేవీ విలువ, అంటే మీరు ఆ సరుకుకు నిజంగా చెల్లించిన, చెల్లించవలసిన ధర. అది పనికిరాదని తేలితేనే మిగతా ఐదు పద్ధతులకు వరుసగా వెళతారు. అయితే ఇన్వాయిస్ మీద ఉన్న అంకె ఒక్కటే ధర కాదు. కలపవలసినవి ఇంకా ఉన్నాయి.

ప్యాకింగ్ ఖర్చు కలుస్తుంది. అమ్మకపు కమీషన్ కలుస్తుంది. మీ తరఫున సరుకు చూసిపెట్టిన కొనుగోలు ఏజెంటుకు ఇచ్చిన కమీషన్ మాత్రం కలవదు, అయితే ఆ ఏజెంటు నిజంగా మీ మనిషేనని కాగితాలు చూపాలి. సంచి బకిల్ కోసం మీరు అచ్చు చేయించి ఫ్యాక్టరీకి ఉచితంగా ఇస్తే ఆ అచ్చు ఖర్చూ విలువలోకి వస్తుంది. డిజైను విషయంలో ఒక సూక్ష్మం ఉంది. దిగుమతి చేసుకునే దేశంలోనే గీయించిన డిజైను ఖర్చు కలపనక్కరలేదు, మరో దేశంలో గీయించి ఫ్యాక్టరీకి ఉచితంగా ఇస్తే కలపాలి. సంచి మీద ఏదైనా బ్రాండు బొమ్మ వేసుకోవడానికి రాయల్టీ కడుతూ, అది కట్టనిదే సరుకు అమ్మరనే షరతు ఉంటే ఆ రాయల్టీ కూడా విలువలో భాగమే.

ఉచిత నమూనాలకూ, నాణ్యత తక్కువని బదులుగా పంపిన వాటికీ విలువ సున్నా అని రాసేవారున్నారు. డబ్బు చేతులు మారకపోయినా వస్తువుకు విలువ ఉంటుంది. ‘వాణిజ్య విలువ లేదు’ అన్న మాట రాయగానే సుంకం మాఫీ అయిపోదు.

ఇక రవాణా ఖర్చు సంగతి. దీన్ని కలపాలా వద్దా అన్నది ఒప్పందం ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది. యూరోపియన్ యూనియన్, భారత్ వంటివి సరుకు ధర, బీమా, రవాణా మూడూ కలిపిన విలువ మీద సుంకం వేస్తాయి. దాన్ని సీఐఎఫ్ విలువ అంటారు. అమెరికా మాత్రం, ఎగుమతి చేసే దేశం నుంచి అయ్యే అంతర్జాతీయ రవాణాను, బీమాను మినహాయిస్తుంది. సీఐఎఫ్ పద్ధతి ఉన్న చోట తొందరకొద్దీ సరుకును విమానంలో తెప్పిస్తే రవాణా ఖర్చుతో పాటు సుంకమూ పెరుగుతుంది. ఇది చాలామందికి తట్టదు.

మూడో పని: సరుకు పుట్టిన దేశం రుజువు చేసుకోండి

సరుకు ఎక్కడి నుంచి ఓడ ఎక్కిందో అదే మూలదేశం కానక్కరలేదు. ఒక దేశంలో కుట్టిన సంచిని మరో దేశపు టోకు వ్యాపారి దగ్గర కొన్నారనుకోండి. మూలదేశం కుట్టిన దేశమే అవుతుంది. గుడ్డ ఒక దేశానిది, కుట్టు మరో దేశానిది అయితే ఆ వస్తువుకు సంబంధించిన మూల నిబంధన చదవాలి. చివరగా గణనీయమైన మార్పు ఎక్కడ జరిగిందన్నది సాధారణ సూత్రం.

దీనివల్ల రెండు ఫలితాలు. మీ దేశానికీ మూలదేశానికీ వాణిజ్య ఒప్పందం ఉంటే సుంకం తగ్గవచ్చు, పూర్తిగా పోవచ్చు కూడా. అయితే ఆ రాయితీ దానంతట అది రాదు. ఒప్పందం అడిగిన రూపంలో మూల ధ్రువపత్రమో, ప్రకటనో ఉండాలి. దారిలో సరుకు మూడో దేశంలో దిగితే అక్కడ దాన్ని విప్పి మార్చలేదని రుజువు ఉండాలి. ధ్రువపత్రం ఇస్తారా అని అమ్మకందారును ధర మాట్లాడేటప్పుడే అడగండి. ఓడ కదిలాక అడిగితే దొరికే అవకాశం తక్కువ.

రెండోది ప్రమాదకరమైనది. కొన్ని దేశాల కొన్ని వస్తువుల మీద యాంటీ డంపింగ్ సుంకం ఉంటుంది, అంటే మరీ తక్కువ ధరకు తెచ్చి కుమ్మరించే సరుకును అడ్డుకోవడానికి వేసేది. ఇది మామూలు సుంకానికి అదనం. యూరోపియన్ యూనియన్ చైనా సైకిళ్ల మీద 1993 నుంచి ఇలాంటి సుంకం వేస్తోంది. 2005 నుంచి దాని గరిష్ఠ రేటు 48.5 శాతం. సాధారణంగా ఐదేళ్లకు ముగియాల్సినవి సమీక్షల మీద ఇలా దశాబ్దాలు కొనసాగుతాయి. తయారీదారు కంపెనీని బట్టి కూడా రేటు మారుతుంది. ఎగుమతి దేశం ఇచ్చే సబ్సిడీలకు విరుగుడుగా వేసేవి, దిగుమతులు ఒక్కసారిగా పెరిగినప్పుడు స్థానిక పరిశ్రమను కాపాడటానికి వేసే రక్షణ సుంకాలు అని మరికొన్ని ఉన్నాయి. టారిఫ్ పట్టికలో మూల రేటు ఒక్కటే చూసి ధర ఖాయం చేసుకున్నవారిని నిండా ముంచేవి ఇవే. కోడ్, మూలదేశం రెండూ తెలిశాక మీ దేశపు వాణిజ్య రక్షణ నోటిఫికేషన్లలో ఈ జంట ఉందేమో తప్పక వెతకండి.

నాలుగో పని: మొత్తం లెక్క వేయండి

రేట్ల కోసం మీ దేశపు కస్టమ్స్ శాఖ అధికారిక టారిఫ్ పట్టికే ప్రామాణికం. ముందుగా ఒక అంచనాకు జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం నడిపే ‘మార్కెట్ యాక్సెస్ మ్యాప్’ పనికొస్తుంది.

ఊహా లెక్క ఒకటి వేద్దాం. డబ్బు ఏ దేశానిదైనా సరే. వెయ్యి సంచులు, ఒక్కొక్కటి 100. ఇన్వాయిస్ 1,00,000. ఓడ రవాణా 12,000, బీమా 1,000. సీఐఎఫ్ విలువ 1,13,000. సుంకం 15 శాతం అనుకుంటే 16,950. రెండూ కలిపితే 1,29,950. దిగుమతి మీద వేసే వ్యాట్‌ను (విలువ ఆధారిత పన్నును) సాధారణంగా సరుకు విలువ మీద మాత్రమే కాకుండా సుంకం కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు. అది 20 శాతం అయితే 25,990. కస్టమ్స్ పత్రాలు దాఖలు చేసి సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు రుసుము, రేవు ఖర్చులు, లోపలి రవాణా కలిపి 8,000 అనుకుందాం.

మీరు వ్యాట్‌లో నమోదైన వ్యాపారి అయి, కట్టిన వ్యాట్‌ను అమ్మకపు వ్యాట్‌లో సర్దుబాటు చేసుకోగలిగితే ఒక్కో సంచి మీకు 137.95 పడింది. చేసుకోలేకపోతే 163.94. సుంకం మాత్రం ఖర్చే, మామూలుగా తిరిగి రాదు. ఈ రెండింటినీ కలిపి ‘పన్నులు’ అని ఒకే గంపలో వేస్తే లెక్క తప్పుతుంది. సర్దుబాటు అయ్యే వ్యాట్ కూడా మొదట మీ జేబులోంచే వెళ్లాలి. సరుకు అమ్ముడై ఆ డబ్బు తిరిగి వచ్చేదాకా తట్టుకునే పెట్టుబడి ఉందా అన్నది విడిగా చూసుకోండి.

అదే సరుకును విమానంలో 40,000 ఖర్చుతో తెస్తే సుంకం 21,150 అవుతుంది. రవాణాకు అదనంగా పెట్టిన 28,000 మీద మరో 4,200 సుంకం కట్టారన్నమాట. వెయ్యిలో వంద సంచులు అమ్మడానికి పనికిరాకుండా పోతే ఓడలో తెచ్చిన సంచి ధర కూడా 153 దాటుతుంది. ఈ అంకెలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకుని, విదేశీ మారకపు రేటును మీకు అనుకూలం కాని వైపు కొంత జరిపి మళ్లీ చూడండి. కస్టమ్స్ శాఖ తాను ప్రకటించిన మారకపు రేటునే వాడుతుంది. మీ బ్యాంకు ఇచ్చిన రేటుతో దానికి సంబంధం లేదు.

సుంకం కట్టినా సరుకు రాకపోవచ్చు

విద్యుత్ పరికరాలు, పిల్లల వస్తువులు, సౌందర్య సాధనాలు, బ్యాటరీలు ఉన్నవి, ఆహారానికి తగిలే పాత్రలు వీటికి చాలా చోట్ల భద్రతా ధ్రువీకరణ కావాలి. మొసలి, కొండచిలువ చర్మంతో చేసిన సంచులకు అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే, 1975 నుంచి అమలులో ఉన్న సైటిస్ ఒప్పందం కింద అనుమతి పత్రాలు కావాలి. పేరున్న బ్రాండుకు నకలైతే సరుకు జప్తు అవుతుంది, కట్టిన డబ్బూ పోతుంది. కోడ్ తెలియగానే దానికి ఏ అనుమతులు కావాలో అదే పట్టికలో, సంబంధిత శాఖ దగ్గర చూసుకోండి.

అమ్మకందారుతో ఏ షరతు మీద ఒప్పుకోవాలి?

ఖర్చు, బాధ్యత ఎక్కడ చేతులు మారతాయో చెప్పే పదాలను అంతర్జాతీయ వాణిజ్య మండలి ఇన్‌కోటెర్మ్స్ పేరుతో ప్రచురిస్తుంది. 2020 కూర్పులో ఇవి పదకొండు. ఎక్స్‌వర్క్స్ అంటే ఫ్యాక్టరీ గుమ్మం నుంచి అంతా మీదే. ఎఫ్‌ఓబీ అంటే ఓడ ఎక్కించేదాకా అమ్మకందారుది. డీడీపీ అంటే సుంకంతో సహా కట్టి మీ గుమ్మం దాకా ఆయనే తెస్తాడు.

కొత్తవారికి డీడీపీ హాయిగా అనిపిస్తుంది. నా అభిప్రాయంలో తిరిగి అమ్మేవారికి అది మంచిది కాదు. అమ్మకందారు ఏ విలువ చూపాడో, ఏ కోడ్ వేశాడో మీకు తెలియదు. దిగుమతి పత్రం మీ పేరు మీద లేకపోతే వ్యాట్ సర్దుబాటు కోరడం కుదరదు. సరుకు మీ దగ్గర ఉండగా విచారణ వస్తే సంజాయిషీ చెప్పవలసింది మీరే. మొదట్లో ఎఫ్‌ఓబీ మీద కొని, క్లియరింగ్ ఏజెంటును మీరే పెట్టుకోండి. ఏజెంటు పత్రం దాఖలు చేసినా, అందులోని మాటలకు బాధ్యత దిగుమతిదారుగా మీదే. కాబట్టి దాఖలుకు ముందు ముసాయిదా అడిగి చదవండి.

చిన్న చిన్న పార్శిళ్లుగా తెప్పిస్తే సుంకం, వ్యాట్ పడవన్న సలహా ఇంకా వినిపిస్తుంటుంది. ఆ తలుపు మూసుకుపోతోంది. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు వస్తువులకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1న ఎత్తేసింది. అమెరికా 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఇచ్చిన మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ నిలిపివేసింది. పైగా ఒకే ఆర్డరును కావాలని ముక్కలు చేయడం, అమ్మకపు సరుకు మీద ‘బహుమతి’ అని రాయించడం నేరం కిందికి వస్తాయి. మీ అమ్మకందారు అలా చేస్తానంటే వద్దని రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఒక్క సందేశం తర్వాత మిమ్మల్ని కాపాడవచ్చు.

సరుకు వచ్చే ముందు, వచ్చాక

ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా పత్రం) లేదా ఎయిర్‌వే బిల్లు (విమాన రవాణా పత్రం), మూల ధ్రువపత్రం ఈ నాలుగింటిలో బరువు, పెట్టెల సంఖ్య, వస్తువు వివరం ఒకేలా ఉండాలి. సరుకు ఓడ ఎక్కకముందే వాటి నకళ్లు తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అప్పుడే దిద్దించడం సులువు. ఓడ చేరే తేదీకి సుంకం డబ్బు సిద్ధంగా ఉంచుకోండి. ఉచిత గడువు దాటితే రేవులో డెమరేజ్, అంటే ఆలస్య రుసుము, మొదలవుతుంది.

సరుకు విడుదలయ్యాక దాఖలైన పత్రం తెప్పించుకుని కోడ్, రేటు, విలువ మీ లెక్కతో సరిపోయాయో చూడండి. ఎక్కువ కట్టి ఉంటే వాపసు కోరడానికి గడువు ఉంటుంది. తక్కువ కట్టినట్టు తేలితే అధికారులు కనిపెట్టకముందే మీరే వెళ్లి చెప్పండి. అలా చెప్పినవారికి చాలా దేశాలు జరిమానా తగ్గిస్తాయి. అమ్ముడుపోని సరుకును మళ్లీ ఎగుమతి చేస్తే కట్టిన సుంకంలో కొంత తిరిగి ఇచ్చే డ్రాబ్యాక్ పథకాలు కూడా ఉన్నాయి. అయితే దిగుమతి పత్రాలు లేకుండా దానికి దరఖాస్తు పెట్టలేరు.

ప్రతి సరుకుకూ ఒక ఫైలు పెట్టండి. ఆర్డరు సందేశాలు, చెల్లింపు రసీదులు, పదార్థాల జాబితా, దిగుమతి పత్రం, ఏజెంటు బిల్లు అన్నీ అందులో ఉండాలి. అమెరికాలో దిగుమతిదారులు ఐదేళ్ల పాటు ఇవి దాచాలి. మీ దేశంలో ఎన్నేళ్లో కనుక్కుని అన్నేళ్లూ ఉంచండి. ముందు వేసుకున్న అంచనా పక్కన చివరికి పడిన అసలు ధరను రాసి ఆ ఫైలు మొదటి పేజీలో అంటించండి. తర్వాతి ఆర్డరుకు ధర మాట్లాడేటప్పుడు ముందు తీయాల్సింది ఆ పేజీనే.